ముప్పయ్యైదో వంతు చరిత్ర: యుద్ధకాలపు ట్యాంకుల నమూనాలలో యథార్థత

కొండపల్లి అంబారీ ఏనుగును చూసి, ఇది ఏ సంవత్సరపు ఏనుగని ఎవరూ అడగరు. తెల్ల పొణికి కర్రతో చెక్కి, రంగులద్ది, బొమ్మల కొలువులో నిలబెట్టిన ఆ ఏనుగు లోకంలోని ఏనుగులన్నిటికీ ప్రతినిధి. దాని తొండం పొడవు తప్పని వాదించేవారు ఉండరు. మన పిల్లలు దుకాణం నుంచి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రిక పరచి, ముక్క ముక్కా అతికిస్తున్న ప్లాస్టిక్ ట్యాంకు సంగతి వేరు. ఆ పెట్టె మీద ఒక ట్యాంకు పేరు, ఒక నిష్పత్తి, ఒక్కొక్కప్పుడు ఒక యుద్ధరంగం పేరు, సంవత్సరం కూడా అచ్చయి ఉంటాయి. అంటే ఆ వస్తువు ఒక మాట చెబుతున్నది: ఫలానా కాలంలో, ఫలానా చోట, ఫలానా యంత్రం ఇలా ఉండేదని. అటువంటి మాట నిజమైనా కావాలి, అబద్ధమైనా కావాలి.

ఆ మాటను పరీక్షించే పద్ధతి ఏమిటో ఈ వ్యాసంలో వివరించదలచాను. వట్టి సూత్రాలు వల్లిస్తే విసుగు పుడుతుంది కనుక ప్రధానంగా ఒకే ఉదాహరణను పట్టుకుని నడుద్దాం: 1945 మార్చి నెల, బర్మా మధ్యభాగంలోని మెయిక్తిలా పట్టణం, రాయల్ డెక్కన్ హార్స్ అనే భారతీయ రెజిమెంటుకు చెందిన ఒక షెర్మన్ ట్యాంకు. దీనినే ఎందుకు ఎన్నుకున్నానంటే, దుకాణాలలో షెర్మన్ కిట్లు ఎన్ని రకాలున్నా, వాటిలో అంటించుకొనడానికి ఇచ్చే గుర్తులు సాధారణంగా నార్మండీవో, ఇటలీవో, ఆర్డెన్స్ మంచులోవో అయి ఉంటాయి. బర్మాలో భారతీయులు నడిపిన ట్యాంకు కావాలంటే పిల్లవాడు చాలామటుకు తానే వెదుక్కోవాలి. చరిత్రను వెదకడం నేర్పడానికి ఇంతకన్న మంచి సాకు నాకు తోచలేదు.

ముందుగా పేరు సంగతి. హైదరాబాదు ఎరిగినవారికి ట్యాంక్ అనగానే హుస్సేన్ సాగర్ గట్టు జ్ఞాపకం వస్తుంది. ఆ జ్ఞాపకంలో న్యాయం లేకపోలేదు. చెరువు, నీటితొట్టి అనే అర్థంలో ఈ మాట పడమటి భారతదేశపు భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిందని, పోర్చుగీసు మాట ఒకటి దానికి తోడైందని నిఘంటుకారులు చెబుతారు. 1915 చివర బ్రిటిషువారు తమ కొత్త ఆయుధాన్ని రహస్యంగా తయారు చేస్తూ, విన్నవారికి అనుమానం రాకుండా దానికి నీటితొట్టి అని మారుపేరు పెట్టారు. మారుపేరే అసలు పేరై కూర్చుంది.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ట్యాంకులు మొట్టమొదటిసారిగా శత్రువు మీదికి కదిలాయి. ఆ రోజు అవి వెళ్ళిన చోట్లలో హై వుడ్ అనే చిన్న అడవి ఒకటి. అంతకు రెండు నెలల ముందు, జూలై 14న, అదే అడవి పక్క పొలాలలో బల్లేలు పట్టి గుర్రాల మీద దాడి చేసిన దళాలలో 20వ డెక్కన్ హార్స్ ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం రాజ్యంలో ఏర్పడిన అశ్వికదళాల వారసత్వం గల రెజిమెంటు అది. ముప్పయ్యేళ్ళు తిరగకముందే, మరొక గుర్రపుదళంతో విలీనమై కొత్త పేరు దాల్చిన ఆ రెజిమెంటే షెర్మన్ ట్యాంకులెక్కి మెయిక్తిలాకు వెళ్ళింది. పేరులో డెక్కన్ ఉన్నది కదా అని అందులోని సైనికులందరూ మన ప్రాంతం వారని అనుకోరాదు. అప్పటికి సైన్యపు నియామకాలు చాలావరకు ఉత్తరాదికి తరలిపోయాయి. మనసుకు నచ్చిన కథను సాక్ష్యం లేకుండా నమ్మకపోవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఏ షెర్మన్?

షెర్మన్ అనేది ఒక ట్యాంకు పేరని అనుకుంటాం. వాస్తవానికి అది ఒక వంశం పేరు. 1942 నుంచి 1945 వరకు అమెరికాలో సుమారు 49,000 షెర్మన్లు తయారయ్యాయి. అన్నిటిని తయారు చేయడానికి ఒక్క కర్మాగారం చాలదు, ఒక్క రకం ఇంజనూ చాలదు. రైలు ఇంజన్లు చేసేవారు, కార్లు చేసేవారు అందరూ పూనుకున్నారు. దొరికిన ఇంజనును బట్టి ట్యాంకు వెనుక భాగం మారింది. ఎం4, ఎం4ఏ1 రకాలలో విమానాల కోసం రూపొందిన గుండ్రని పెట్రోలు ఇంజను ఉంటుంది. ఎం4ఏ2లో రెండు డీజిలు ఇంజన్లు జంటగా ఉంటాయి. ఎం4ఏ3లో ఫోర్డు వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను.

ఎం4ఏ4 సంగతి అన్నిటికన్న విచిత్రం. క్రైస్లర్ సంస్థవారు కార్లకు వాడే ఆరేసి సిలిండర్ల ఇంజన్లు అయిదింటిని తెచ్చి, ఒకే మధ్యభాగం చుట్టూ బిగించి, ముప్పయి సిలిండర్ల మహాయంత్రం ఒకటి సృష్టించారు. పెళ్ళివంటకు అయిదు కుంపట్లు కలిపి గాడిపొయ్యి చేసుకున్నట్లు అనిపిస్తుంది గాని, అది పని చేసింది. ఇంజను స్థూలకాయం కావడంతో ట్యాంకు పొడవు పెంచవలసి వచ్చింది. మొత్తం 7,499 ఎం4ఏ4లు తయారయ్యాయి. అమెరికా సైన్యం కొన్నిటిని శిక్షణకు ఉంచుకుని, అత్యధిక భాగాన్ని బ్రిటనుకు ఇచ్చింది. ఎం4 నుంచి ఎం4ఏ4 వరకు బ్రిటిషువారు వరుసగా షెర్మన్ ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని పేర్లు పెట్టుకున్నారు. బర్మాలో భారతీయ రెజిమెంట్లకు ప్రధానంగా చేరినది ఈ షెర్మన్ అయిదే.

కాబట్టి పెట్టె మీద షెర్మన్ అన్న మాట చూసి, నార్మండీ తరువాత అమెరికనులు ఎక్కువగా వాడిన ఎం4ఏ3 కొనుక్కుని, దాని మీద డెక్కన్ హార్స్ గుర్తులు వేస్తే మొదటి అడుగే తప్పుతుంది. తేడా ఎంత ఉంటుందో లెక్క వేసి చూద్దాం. ఈ లెక్కకు ఆరో తరగతి అంకగణితం చాలు. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే పట్టాలో ఒక్కొక్క లంకె పొడవు సుమారు ఆరంగుళాలు. తక్కిన షెర్మన్లకు ఒక్కొక్క పక్క 79 లంకెలు ఉంటే, ఎం4ఏ4కు 83 ఉంటాయి. ఎక్కువైన నాలుగు లంకెల పొడవు ఇరవై నాలుగు అంగుళాలు. పట్టా చక్రాల మీదుగా ఒకసారి, కిందుగా ఒకసారి పోతుంది కనుక పెరిగిన పొడవును చెరిసగం చేయాలి. అంటే చక్రాల వరుస దాదాపు ఒక అడుగు సాగింది. అడుగు అంటే 305 మిల్లీమీటర్లు. 35తో భాగిస్తే 8.7 మిల్లీమీటర్లు. చిటికెనవేలి గోరంత. అసలు ట్యాంకు ఇరవై అడుగుల పొడవు. అందులో ఒక అడుగు తేడా దూరం నుంచి తెలియకపోవచ్చు. చేతిలో పట్టుకునే నమూనాలో మాత్రం చిటికెనవేలి గోరంత తేడా ఇట్టే తెలుస్తుంది.

పాత ఫొటోలో ట్యాంకు రకాన్ని గుర్తు పట్టడానికి కూడా ఇదే ఆధారం. షెర్మనుకు ప్రతి పక్క రెండేసి చక్రాల బోగీలు మూడు ఉంటాయి. తక్కిన రకాలలో బోగీకి బోగీకి మధ్య సందు ఇరుకు. ఎం4ఏ4లో అది బాగా విశాలం. వెనుక వైపు ఇంజను కప్పు మీద రేడియేటరు కోసం పైకి ఉబ్బిన భాగం ఒకటి కనిపిస్తుంది. ముందు వైపు, గేర్లను కప్పే ముక్కు భాగం మూడు ముక్కలుగా పోతపోసి బోల్టులతో కలిపినది. ట్యాంకు శరీరం ఉక్కు పలకలు వెల్డింగు చేసినది కనుక అంచులు కోసినట్లుంటాయి. ఇందులో ఏ ఒక్క లక్షణం చూసీ తీర్పు చెప్పరాదు. రెండు మూడు కలిస్తేనే నిశ్చయం.

ఫొటోలో కనిపించే ఇతర వస్తువుల కొలతలు కూడా రాబట్టవచ్చు. షెర్మన్ చక్రం వ్యాసం ఇరవై అంగుళాలు. పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ చక్రం పది మిల్లీమీటర్లు ఉన్నదనుకోండి. అప్పుడు ఫొటోలో ఒక మిల్లీమీటరు అసలులో రెండంగుళాలు. ట్యాంకు పక్కకు వేలాడదీసిన పెట్టె ఫొటోలో పద్నాలుగు మిల్లీమీటర్లుంటే, అసలు పెట్టె ఇరవై ఎనిమిది అంగుళాలు. చక్రం, పెట్టె కెమెరాకు ఒకే దూరంలో ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. ఏటవాలుగా తీసిన ఫొటోకు ఇది పనికిరాదు. పన్నెండేళ్ళ పిల్లలకు అనుపాతం నేర్పడానికి మామిడిపళ్ళ లెక్కలకన్న ఇది ఎక్కువ ఉపయోగమని నా అనుభవం.

ఇంతకీ 35 అన్న సంఖ్య ఎక్కడిది? 72వ వంతు అంటే ఒక అంగుళానికి ఆరడుగులు. 48వ వంతు అంటే పావు అంగుళానికి ఒక అడుగు. ఈ రెండిటికీ అర్థం ఉన్నది. 35కు అటువంటి అర్థమేదీ లేదు. 1960ల మొదట్లో జపానులోని తమియా సంస్థవారు జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్టును తయారు చేశారు. అది నడిచే బొమ్మ కావాలి, కనుక లోపల మోటారు, బ్యాటరీలు పట్టేటంత పెద్దదిగా చేశారు. తరువాత కొలిచి చూస్తే అది అసలులో సుమారు 35వ వంతు అని తేలింది. బ్యాటరీ పరిమాణం నిర్ణయించిన ఆ నిష్పత్తి నేటికీ ప్రపంచమంతటా చెలామణి అవుతున్నది.

రంగులు, ఫొటోలు

నమూనాకారులలో తగవులు ఎక్కువగా రంగుల దగ్గరే వస్తాయి. ఆ కాలపు ఫొటోలు అత్యధికం నలుపు తెలుపువి. అవి వెలుగు నీడలను చెబుతాయి గాని రంగును చెప్పవు. పైగా వెనుకటి రోజులలో వాడిన కొన్ని రకాల ఫిల్ములకు ఎరుపు రంగు కనబడేది కాదు. ఎర్రని వస్తువు వాటిలో నల్లగా పడుతుంది.

దీనికి ఒక ప్రసిద్ధమైన నిదర్శనం ఉంది. 1939లో పోలండు మీదికి దండెత్తిన జర్మన్ ట్యాంకులను కొన్ని దశాబ్దాల పాటు నమూనాకారులందరూ ముదురు బూడిద రంగు ఒక్కటే వేసి ముగించారు. ఫొటోలలో అలాగే కనిపిస్తాయి మరి. తరువాత పరిశోధకులు సైన్యపు ఉత్తర్వులను వెదికి తీశారు. మూడింట రెండు వంతులు ముదురు బూడిద, ఒక వంతు ముదురు గోధుమ వేయాలన్నది ఆనాటి నియమం. బూడిద ఒక్కటే చాలునన్న ఉత్తర్వు 1940 జూలైలో గాని రాలేదు. ఈ రెండు రంగులు నలుపు తెలుపు ఫిల్ము మీద దాదాపు ఒకే ఛాయలో పడతాయి. సాక్ష్యం ఫొటోలో మొదటి నుంచీ ఉన్నది. ఏమి చూడాలో తెలిసిన తరువాత కొన్ని ఫొటోలలో గోధుమ మరకల అంచులు లీలగా కనిపించసాగాయి. కాగితం లేనిదే ఫొటో పూర్తిగా మాట్లాడదు.

తేదీలు ఎంత నిర్దయగా ఉంటాయో చెప్పడానికి మరొకటి. 1943 ఫిబ్రవరిలో జర్మనులు ట్యాంకుల మూలరంగును ముదురు పసుపుకు మార్చారు. ఆ సంవత్సరం రెండవ సగంలో, అయస్కాంతపు మందుపాతరలు అంటుకోకుండా, జిమ్మెరిట్ అనే గరుకు పూతను కర్మాగారంలోనే పూయడం మొదలుపెట్టారు. 1944 సెప్టెంబరులో ఆ పూత ఆపివేశారు. ఆఫ్రికాలో యుద్ధం 1943 మే నెలలో ముగిసింది. అందుచేత ట్యునీషియా ఇసుకలో నిలబెట్టిన టైగర్ ట్యాంకుకు జిమ్మెరిట్ గీతలు దిద్దితే, ఆ పనితనం ఎంత ముచ్చటగా ఉన్నా, అశోకుడి చేతికి గడియారం కట్టినట్లే.

మన షెర్మన్ విషయంలో ఇంత చిక్కు లేదు. కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు దాని రంగు ఆలివ్ డ్రాబ్, అంటే ఆకుపచ్చ, గోధుమ కలిసిన మబ్బు రంగు. సైన్యం దాని మీద మళ్ళీ ముదురు ఆకుపచ్చ వేసినా, వేయకున్నా, మార్చి నెల ఎండకు వెలిసి, దుమ్ము కప్పుకున్న తరువాత పై రంగు మిగిలేది కొద్దిగానే. సీసాలోని రంగును ఉన్నదున్నట్లు పూస్తే చిన్న వస్తువు మీద అది మరింత ముదురుగా కనిపిస్తుందని చాలామంది కాస్త తెలుపు కలుపుతారు. ఎంత కలపాలన్నదానికి సూత్రం లేదు. పగటి వెలుగులో కన్నే కొలబద్ద. ఒక మాట మాత్రం తల్లిదండ్రులకు: స్ప్రే రంగులు, పలచన చేసే ద్రావకాలు మూసిన గదిలో వాడనీయకండి. కిటికీ తెరవాలి, ముక్కుకు తగిన మాస్కు ఉండాలి.

మ్యూజియం, మనిషి జ్ఞాపకం

ఫొటో చాలకపోతే అసలు ట్యాంకునే చూడవచ్చు. బ్రిటన్‌లో ఉంటున్న కుటుంబాలకు డార్సెట్ జిల్లాలోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం ఒక రోజు ప్రయాణం. అక్కడ "మైకేల్" అనే షెర్మన్ ఉంది. నేటికి మిగిలి ఉన్న షెర్మన్లలో అన్నిటికన్న పాతది అదేనని ప్రతీతి. అయితే అది ఎం4ఏ1. దాని శరీరం మొత్తం పోతపోసినది, అంచులు సబ్బుబిళ్ళలాగ గుండ్రంగా ఉంటాయి. దానిని నాలుగు వైపులా ఫొటో తీసుకుని వచ్చి మన ఎం4ఏ4కు ఆదర్శంగా పెట్టుకుంటే కొంప మునుగుతుంది. చక్రాలు, బోల్టులు, టరెట్టు వివరాలకు అది అక్కరకు వస్తుంది, శరీరానికి రాదు. సెలవులకు భారతదేశం వెళ్ళేవారు మహారాష్ట్రలోని అహల్యానగర్‌లో, అంటే 2024కు ముందు అహమద్‌నగర్‌గా పిలిచిన పట్టణంలో, సైన్యం వారు 1994లో స్థాపించిన ట్యాంకుల మ్యూజియాన్ని కూడా చూడవచ్చు. ఏ మ్యూజియంలోనైనా ఒక సంగతి మరవరాదు. అక్కడి యంత్రాలకు యుద్ధం తరువాత కొత్త రంగులు వేసి ఉంటారు, విరిగిన భాగాల స్థానంలో మరొక ట్యాంకు భాగాలు బిగించి ఉంటారు. అసలు వస్తువు కూడా అబద్ధం చెప్పగలదు.

బోవింగ్టన్‌లోనే ఉన్న టైగర్ 131 కథ ఇందుకు గట్టి తార్కాణం. ట్యునీషియాలో బ్రిటిషువారు పట్టుకున్న జర్మన్ ట్యాంకు ఇది. ఫిరంగి గొట్టానికి తగిలి కిందికి జారిన గుండు ఒకటి టరెట్టు తిరగకుండా ఇరుక్కుపోయేటట్లు చేసింది; లోపలివారు ట్యాంకును వదలి పారిపోయారు. ట్యూనిస్ నగరంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు చర్చిల్, ఆరవ జార్జి రాజు వచ్చి చూశారు. 1943 అక్టోబరులో దీనిని ఇంగ్లండు తెచ్చారు. ఏళ్ళ తరబడి మరమ్మతు చేశాక ఇప్పుడది నడుస్తుంది. 2014 నాటి "ఫ్యూరీ" సినిమాలో నటించింది కూడా. ఇంత ప్రసిద్ధమైన యంత్రం ఎక్కడ, ఏ రోజున పట్టుబడిందో పుస్తకాలన్నీ ఒకే మాటగా చెప్పేవి: 1943 ఏప్రిల్ 21, జెబెల్ జాఫా అనే కొండ దగ్గర. ఆ తరువాత, ట్యునీషియాలో పోరాడిన ఒక సైనికుడి కుమారుడు మ్యూజియానికి వచ్చి ట్యాంకును చూశాడు. దాని మీది గాయాలు తన తండ్రి చెబుతూ వచ్చిన కథతో సరిపోతున్నాయి. తండ్రి చెప్పిన చోటు మాత్రం వేరు. ఆ మాట పట్టుకుని రికార్డులు తిరగేసి, ఫొటోలతో పోల్చి చూస్తే, ఆ ట్యాంకు ఏప్రిల్ 24న 174వ నంబరు గుట్ట దగ్గర పట్టుబడినదని తేలింది. మ్యూజియం వారు తమ కథనాన్ని మార్చుకున్నారు.

ఇక్కడ ఒక ఇంటి జ్ఞాపకం గెలిచింది. అన్నివేళలా అలా జరగదు. నార్మండీలో పోరాడిన సైనికులు ఎందరో తాము ఎదుర్కొన్న ప్రతి జర్మన్ ట్యాంకూ టైగరేనని చెప్పేవారు. వాస్తవానికి వాటిలో ఎక్కువ భాగం పక్కలకు రేకులు కట్టిన నాలుగో రకం పాంజర్లు. దూరం నుంచి పెట్టెలాగ, టైగర్‌లాగ కనిపించేవి. భయపడిన కంటికి తప్పు పట్టలేం. కాని ఆ మాటను పరీక్షించకుండా నమూనాలోకి దించలేం కూడా. ఇక సినిమాలను సాక్ష్యానికి పిలవడమే దండుగ. 1965లో వచ్చిన "బ్యాటిల్ ఆఫ్ ద బల్జ్" చిత్రంలో జర్మన్ కింగ్ టైగర్లుగా నటించినవి స్పెయిను సైన్యం దగ్గర ఉన్న అమెరికన్ ఎం47 ట్యాంకులు. అందులో బెల్జియం మంచు అడవులుగా కనిపించే కొన్ని చోట్లు స్పెయినులోని బయళ్ళు.

తాటిచెట్లు

ట్యాంకు సిద్ధమైందనుకుందాం. దానిని నిలబెట్టే నేల ఏది? బర్మా అనగానే దట్టమైన అడవి, వెదురు పొదలు, జోరువాన, బురద అని మనసు చెబుతుంది. పుస్తకాల అట్టల మీదా అవే. 1944లో ఇంఫాల్ కొండలలో జరిగిన పోరాటానికి ఆ దృశ్యం సరిపోవచ్చు. మెయిక్తిలాకు సరిపోదు. మెయిక్తిలా ఉన్నది బర్మా నడిబొడ్డున, వానలు సరిగా పడని మెట్టప్రాంతంలో. ఫిబ్రవరి, మార్చి నెలలలో అక్కడ చేలు ఎండి, నేల పగుళ్ళు తీసి, దుమ్ము లేస్తుంది. ముళ్ళ కంచెలు, గట్లు, వాటి వెంట బారులు తీరిన తాటిచెట్లు. రాయలసీమలో ఎండాకాలం గడిపినవారికి ఇది కొత్త దృశ్యం కాదు. నిజానికి ఈ బయళ్ళ వల్లనే ట్యాంకులు అక్కడ అంత వేగంగా కదలగలిగాయి. కొందరు నమూనాకారులు అక్కడ కొబ్బరిచెట్లు నాటుతారు. తాటిమట్టకు, కొబ్బరిమట్టకు ఉన్న తేడా వారికి ఎవరు చెప్పాలి? మన ఇళ్ళలో తాతయ్యనో అమ్మమ్మనో అడిగితే, విసనకర్రలాంటి ఆకు ఎలా విచ్చుకుంటుందో, మొదలు ఎంత నల్లగా ఉంటుందో, పాత మట్టల మచ్చలు మాను మీద ఎలా మిగులుతాయో చెబుతారు. ఈ ఒక్క విషయంలో తెలుగు కుటుంబాలు ఈ దేశపు నిపుణులకన్న ముందున్నాయి.

ఆనాటి సంఘటనలు క్లుప్తంగా ఇవి. ఐరావతీ నదిని దాటిన తరువాత 17వ భారతీయ డివిజను, 255వ భారతీయ ట్యాంకు బ్రిగేడుతో కలిసి ఫిబ్రవరి చివర మెయిక్తిలా చేరింది. మార్చి 3 నాటికి పట్టణం చేతికి చిక్కింది. ఆ బ్రిగేడులో ప్రోబిన్స్ హార్స్, రాయల్ డెక్కన్ హార్స్ షెర్మన్లతో పోరాడాయి. పట్టణం పోయినందుకు జపాను సైన్యం మార్చి నెలంతా తిరిగి చుట్టుముట్టి భీకరంగా దాడులు చేసింది. ట్యాంకులను ఆపే ఫిరంగులు చాలక, జపాను సైనికులు గుంటలు తవ్వి, విమానబాంబును ఒళ్ళో పెట్టుకుని, చేత రాయి పట్టుకుని కూర్చునేవారు. ట్యాంకు తమ పైకి రాగానే ఆ రాతితో బాంబును కొట్టి పేల్చాలి. తామూ బతకరని తెలిసే కూర్చునేవారు. అందుచేత ట్యాంకులు ఒంటరిగా వెళ్ళేవి కావు. బొంబాయి గ్రెనేడియర్స్ నాలుగో బెటాలియను జవాన్లు వాటికి తోడుగా ఉండి, నేల మీద ప్రతి గుంటను, ప్రతి పొదను చూసుకుంటూ ముందుకు పోయేవారు.

కాబట్టి మెయిక్తిలా ట్యాంకును ఒక్కదానినే విజయగర్వంతో పీఠం మీద నిలబెడితే బోల్టులన్నీ సరిగా ఉండవచ్చు గాని, దృశ్యం తప్పుతుంది. పక్కన కనీసం ఇద్దరు ముగ్గురు పదాతులు కావాలి. అయిదడుగుల ఏడంగుళాల మనిషి ఈ నిష్పత్తిలో నాలుగు సెంటీమీటర్ల తొమ్మిది మిల్లీమీటర్లు. ట్యాంకు మూతలో నుంచి తల బయటికి పెట్టిన సైనికుడు సిక్కు అయితే తలపాగా ఉంటుంది. కిట్టులో ఇచ్చిన అమెరికన్ బొమ్మకు గడ్డం గీసినంత మాత్రాన సరిపోదు. తలపాగాను మైనంలాంటి పుట్టీతో చుట్ట చుట్టలుగా చేసుకోవాలి.

గుర్తులు అంటించే విషయంలో నా అభిప్రాయం కఠినమైనది. ఫలానా ట్యాంకు ఫొటో దొరికి, దాని పక్క మీద పేరో అంకెో స్పష్టంగా కనిపిస్తేనే దానిని దిద్దాలి. లేకపోతే ఖాళీగా వదలాలి. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం వద్ద బర్మా యుద్ధపు ఫొటోలు చాలా ఉన్నాయి. రెజిమెంట్ల దినచర్య పుస్తకాలు క్యూలోని జాతీయ పత్రాగారంలో ఎవరైనా అడిగి చూడవచ్చు. కళ్ళకు ఇంపుగా ఉంటుందని ఊహించి ఒక పేరు రాస్తే, లేని ట్యాంకును, లేని మనుషులను సృష్టించినట్లే. ఆ యంత్రాలలో కూర్చున్న అయిదుగురికీ పేర్లు ఉండేవి, ఎదురుచూసే ఇళ్ళు ఉండేవి.

మరొక అసమగ్రత ఉంది. అది ఏ ఒక్క నమూనాలోనూ కనబడదు. యుద్ధం మొత్తం మీద జర్మనీ తయారు చేసిన మొదటి రకం టైగర్లు 1,350కి మించవు. షెర్మన్లు వాటికి ముప్పయ్యారు రెట్లు. రష్యనుల టీ-34లు షెర్మన్లకన్న ఎక్కువ. దుకాణపు అలమర ముందు నిలబడి చూడండి. అక్కడి నిష్పత్తి తలకిందులు. టైగర్ చూడడానికి రాజసంగా ఉంటుంది, అమ్ముడుపోతుంది. ఒక్కొక్క కిట్టు బోల్టు బోల్టుకూ నిజమే కావచ్చు. అలమర మొత్తం కలిపి చెప్పే కథ నిజం కాదు. పది టైగర్లు వరుసగా పెట్టుకున్న పిల్లవాడికి యుద్ధం ఎవరు గెలిచారో, ఎలా గెలిచారో అర్థం కావడం కష్టం. ఆ వరుసలో మెయిక్తిలా దుమ్ము పట్టిన షెర్మన్ ఒకటి చేరాలని నా కోరిక.

చివరగా పీఠం మీద అంటించే చీటీ. "షెర్మన్ అయిదు (ఎం4ఏ4), రాయల్ డెక్కన్ హార్స్, మెయిక్తిలా, మార్చి 1945" అని ఒక వరుస రాయాలి. దాని కింద చిన్న అక్షరాలతో, ఏది ఫొటో చూసి చేసినది, ఏది ఊహించినది అన్నది మరొక వరుస. రెజిమెంటు పేరులోని రాయల్ అన్న మాట 1945కు ఉండవలసిందే. భారతదేశం గణతంత్రమయ్యాక అది పోయింది. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాను ప్యాటన్ ట్యాంకులను అడ్డుకున్న రెజిమెంట్లలో ఇదే డెక్కన్ హార్స్ మళ్ళీ కనిపిస్తుంది, మళ్ళీ షెర్మన్లతోనే. ఆ దృశ్యం కూడా చేయాలనుకునేవారు పాత పెట్టెలో మిగిలిన ముక్కలతో సరిపెట్టుకోలేరు. అప్పటికి భారత సైన్యపు షెర్మన్లలో చాలావాటికి 76 మిల్లీమీటర్ల పొడవాటి ఫిరంగి ఉన్నది. అందుకు మరొక కిట్టు, మరొక నేల, మళ్ళీ మొదటి నుంచి వెదుకులాట.